ఊటీకి స్వెట్టర్లు, లక్నవరానికి ఖాళీ చేతులు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో మన ములుగు జిల్లా లక్నవరం చెరువు గురించి వేసిన ఫొటోలు చూశాను. వేలాడే వంతెన, చుట్టూ పచ్చటి గుట్టలు, నిండా నీళ్లు, చాలా బాగున్నాయి. ఎట్లా పోవాలి, ఎన్ని కిలోమీటర్లు, దగ్గర్లో ఇంకా ఏమేం చూడొచ్చు అన్నీ రాశారు. కానీ అక్కడ వాన మొదలైతే ఏం చేయాలి, పొద్దున ఇంటి నుంచి బయలుదేరే ముందు ఏం చూసుకోవాలి, బ్యాగులో ఏం పెట్టుకోవాలి అన్నది ఒక్క లైను కూడా లేదు. మీ పేపర్ ఒక్కటే కాదు, ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను, కొంచెం పొడుగైనా వేయండి.

నేను హనుమకొండలో ట్రావెల్స్ కారు నడుపుతాను. 18 ఏళ్లుగా ఇదే పని. రామప్ప, లక్నవరం, బొగత, మేడారం, పాకాల, ఈ రూట్లలో ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. మే నెల వచ్చిందంటే ఊటీకో కొడైకెనాల్‌కో పోయే వాళ్లను రైలు ఎక్కించడానికి కాజీపేట, వరంగల్ స్టేషన్లకు తీసుకుపోతుంటాను. వాళ్ల సామాను చూస్తే ముచ్చటేస్తుంది. పెద్దవాళ్లకు శాలువాలు, పిల్లలకు స్వెట్టర్లు, మంకీ క్యాపులు, సాక్సులు, జలుబు మందు, వాంతుల బిళ్లలు, అన్నీ సర్దుకుని పోతారు. మంచి పని. కొడైకెనాల్ 2,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది, వెయ్యి మీటర్లు పైకి పోతే దగ్గర దగ్గర ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, మన దగ్గర 43 డిగ్రీల ఎండలో నుంచి పోయి సాయంత్రం అక్కడి సరస్సు ఒడ్డున నిలబడితే వణుకు రాక తప్పదు. పైగా 2024 మే నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు బండి మీద పోవాలంటే ఈ-పాస్ తీసుకోవాలి, మద్రాసు హైకోర్టు ఆదేశం. అంటే నెల ముందు నుంచే ఆలోచన మొదలవుతుంది.

అదే కుటుంబం లక్నవరం పోవాలనుకుంటే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ చేస్తూ అనుకుంటారు, పదింటికి నాకు ఫోన్ చేస్తారు, పదకొండింటికి బండి ఎక్కుతారు. చేతిలో ఫోను, ఒక చిప్స్ ప్యాకెట్, రెండు వాటర్ బాటిళ్లు, అంతే. అడిగితే "మన ఊరే కదా అన్నా, 70 కిలోమీటర్లు, సాయంత్రానికి వచ్చేస్తం" అంటారు. ఆ మాట వింటే నాకు భయమేస్తుంది. ఎందుకో చెప్తాను.

లక్నవరం ఎత్తైన కొండ మీద లేదు, నిజమే. కాకతీయుల కాలంలో గుట్టల నడుమ కట్ట పోసి ఆపిన నీళ్లు అవి. ఎత్తు లేదు కాబట్టి అక్కడ వాతావరణం మన ఇంటి దగ్గర ఉన్నట్టే ఉంటుందని అందరూ అనుకుంటారు. కానీ అక్కడ ఉన్నది గుట్టలు, అడవి, వాగులు. బంగాళాఖాతంలో ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం వైపు అల్పపీడనం ఏర్పడి లోపలికి కదిలిందంటే ములుగు, భూపాలపల్లి జిల్లాల మీద కుండపోత పడే అవకాశం ఎక్కువ. హనుమకొండలో ఎండ కాస్తుంటే ములుగు దాటాక వైపర్లు ఆగకుండా కొట్టుకుంటూ పోయిన రోజులు నాకు ఎన్నో గుర్తున్నాయి. ఇంకో సంగతి, మనం నిలబడ్డ చోట చుక్క పడకపోయినా పైన ఎక్కడో గుట్టల్లో పడ్డ వాన రెండు మూడు గంటల తర్వాత వాగులో వచ్చి మన దారికి అడ్డం పడుతుంది. వాగు ఎర్రగా మారి కట్టెలు, ఆకులు కొట్టుకొస్తున్నాయంటే పైనుంచి నీళ్లు వస్తున్నట్టే, ఆకాశం ఎంత తెల్లగా ఉన్నా సరే.

2023 జులై 27 ఎవరైనా మరిచిపోయారా? రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేట ఉంది. ఆ రోజు పొద్దుటికి 24 గంటల్లో అక్కడ 64.98 సెంటీమీటర్ల వాన పడింది, తెలంగాణలో ఇప్పటిదాకా అదే రికార్డు. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 20 సెంటీమీటర్లు దాటితేనే అత్యంత భారీ వర్షం అంటారు, పడింది దానికి మూడింతలు. అంటే రెండడుగులకు పైన నీళ్లు, ఒక్క రోజులో. అంతకుముందు రికార్డు కూడా మన వైపుదే, 2013 జులైలో వాజేడులో పడ్డ 51 సెంటీమీటర్లు. ఆ 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు మొత్తం మునిగింది, జనం ఇళ్ల కప్పుల మీదకు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. జంపన్నవాగు పొంగి కొండాయిలో మనుషులు కొట్టుకుపోయారు. ఆ రోజు నాకు రామప్ప, లక్నవరం కిరాయి ఉంది, హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్లు హోటల్లో దిగి ఉన్నారు. ముందురోజు రాత్రే ఫోన్ చేసి రాలేనని చెప్పాను. వాళ్లు కోపం చేసుకున్నారు. మరుసటి రోజు మధ్యాహ్నం టీవీ చూసి వాళ్లే ఫోన్ చేశారు, చాలాసేపు ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు.

దానికి ఒక్క రోజు ముందు, 26న, వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గర ముత్యాలధార జలపాతం చూడటానికి పోయిన దాదాపు 80 మంది అడవిలో చిక్కుకుపోయారు. పోయేటప్పుడు వాగు దాటే పోయారు. చూసి తిరిగి వచ్చేసరికి అదే వాగు దాటలేనంతగా పొంగి ఉంది. చీకట్లో, వానలో, పైన చెట్లు, కింద రాళ్లు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు రాత్రిపూట అడవిలోకి పోయి వాళ్లను బయటికి తెచ్చారు. అందరూ బతికారు, అది వాళ్ల అదృష్టం, ఆ జవాన్ల ధైర్యం. పోయేటప్పుడు దాటిన వాగు వచ్చేటప్పుడు అట్లాగే ఉంటుందని అనుకోవద్దు, నేను ఈ ఉత్తరం రాసింది ముఖ్యంగా ఈ ఒక్క ముక్క చెప్పడానికే.

వాన ఒక్కటే కాదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలివానకు వేలకు వేల చెట్లు ఒక్కసారే నేలకొరిగాయి, 50 వేలకు పైనే అని అప్పట్లో అధికారులు చెప్పారు. కొన్ని రోజులకు ఆ దారిలో పోయినప్పుడు బండి పక్కకు ఆపి చూశాను. అంత పెద్ద మాన్లు వేళ్లతో సహా లేచి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆ సాయంత్రం వాటి కింద ఎవరైనా చాప పరుచుకుని డబ్బా విప్పుకుని కూర్చుని ఉంటే? గాలి మొదలయ్యాక చెట్టు కిందికి పోవద్దని అందుకే అంటాను. మనకు చిన్నప్పటి నుంచి అలవాటు, చినుకు పడితే చెట్టు కిందికి ఉరుకుతాం. అడవిలో, ఉరుములు ఉన్నప్పుడు, ఆ అలవాటు ప్రాణం తీస్తుంది. కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చోవడం నయం, అది కూడా పెద్ద చెట్టు కింద కాకుండా.

ఇక నా అనుభవం చెప్తాను. కొన్నేళ్ల కింద జులైలో ఒక ఆదివారం, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి, ఇంకో ఇద్దరు చుట్టాలు, మొత్తం ఏడుగురు ఎక్కారు. ములుగు జిల్లాకు వాతావరణ శాఖ వాన హెచ్చరిక, ఆరెంజ్ అలర్ట్ ఉంది, ఫోన్‌లో తీసి చూపించాను. ఆయన చూశాడు కూడా. "రూముకు డబ్బులు కట్టినం అన్నా, క్యాన్సిల్ చేస్తే ఒక్క రూపాయి ఇయ్యనన్నడు ఏజెంటు" అన్నాడు. ఆయన మొండి మనిషేం కాదు, మధ్యతరగతి వాడు, ఏడుగురికి కట్టిన డబ్బు పోతుందంటే మనసు ఒప్పదు. సరేనని పోయాం. గట్టమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టారు, మేడారం పోయే వాళ్లే కాదు, ఆ దారిన పోయే వాళ్లం అందరం ఆగుతాం. చెరువు దగ్గరికి చేరేసరికి పదకొండున్నర. ఎండ బాగానే ఉంది, వంతెన మీద ఫొటోలు దిగారు, బోటు ఎక్కారు, పిల్లలు ఎంత సంతోషంగా ఉన్నారో.

రెండు దాటాక గాలి తిరిగింది. లక్నవరంలో ఒక గుర్తు ఉంది, అవతలి ఒడ్డున ఉన్న గుట్టలు ఉన్నట్టుండి మసకబారి కనబడకుండా పోయాయంటే పది పదిహేను నిమిషాల్లో వాన మన మీదికి వచ్చేసినట్టే. నేను చూసి పరిగెత్తి చెప్పేలోపే మొదలైంది. బోట్లన్నీ ఒడ్డుకు లాగేశారు. వీళ్లు వంతెన అవతల ఉన్నారు. అందరూ ఒక్కసారిగా వంతెన మీదికి రావడం, అది ఊగడం, చెక్కల మీద కాళ్లు జారడం, పిల్లల ఏడుపు. ఏడుగురూ పిండితే నీళ్లు కారేలా తడిసి బండిలోకి వచ్చారు. మార్చుకోవడానికి ఒక్క జత బట్టలు లేవు. తువ్వాల లేదు.

రూములో ఆ రాత్రి ఉందామనుకున్న వాళ్లు కరెంటు పోయేసరికి, పెద్దావిడ మందులు ఇంట్లో మరిచిపోయామని గుర్తొచ్చేసరికి తిరిగి పోదామన్నారు. దారిలో లోపలి రోడ్డు మీద ఒక లో లెవల్ కల్వర్టు ఉంది, దాని మీది నుంచి నీళ్లు పోతున్నాయి. చూడటానికి మోకాలి కిందే ఉన్నాయి. మా ముందు ఒక ట్రాక్టర్ దాటింది. "మెల్లగా పోనియ్ అన్నా, ట్రాక్టర్ పోయింది కదా" అన్నారు. నేను ఇంజిన్ ఆపేసి తాళం చెవి జేబులో పెట్టుకున్నాను. ట్రాక్టర్ బరువు వేరు, దాని చక్రాల ఎత్తు వేరు. పారే నీళ్లు అడుగు లోతు ఉంటే చాలు చిన్న కారును పక్కకు నెడతాయి, రెండడుగులైతే చాలా బండ్లు తేలిపోతాయి. నడిచి దాటే మనిషిని పడేయడానికి అడుగు కూడా అక్కర్లేదు. పైగా నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి ఎవరికి తెలుస్తుంది?

మూడు గంటలు అక్కడే ఉన్నాం. పక్కనే ఉన్న ఊర్లో ఒక ఇంటివాళ్లు పిలిచి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి పిల్లలకు తమ పిల్లల బట్టలు తొడిగారు, చాయ్ పోశారు. చిన్నపాపకు పెదాలు నల్లబడి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. జులైలో, మన తెలంగాణలో, చలికి. తడిసిన ఒంటికి గాలి తగిలితే ఎండాకాలమైనా చలి ఎక్కుతుందని ఆ రోజు కళ్లారా చూశాను. రాత్రి ఎనిమిదిన్నరకు నీళ్లు తగ్గాక టార్చ్ వేసి చూస్తే కల్వర్టుకు ఒక పక్క రోడ్డు అంచు రెండు గజాలు కోసుకుపోయి ఉంది. ఆయన దాన్ని చూసి నా చేయి పట్టుకున్నాడు, వదలలేదు.

అందుకే ఇప్పుడు నా బండి ఎక్కే వాళ్లకు ముందే చెప్తాను, మీ పాఠకులకూ చెప్తున్నాను. వానాకాలంలో లక్నవరం పోతే మనిషికి ఒక జత పొడి బట్టలు, ఒక తువ్వాల, అవి కూడా ప్లాస్టిక్ కవర్లో ముడేసి పెట్టుకోండి. గొడుగు వద్దు, చెరువు మీది గాలికి అది తిరగబడి పోతుంది, రెయిన్‌కోటు మంచిది. జారని చెప్పులు వేసుకోండి, పరుపు బండల మీద నాచు ఉంటుంది, కొత్త చెప్పులతో జారి కాళ్లు విరగ్గొట్టుకున్న వాళ్లను నేనే ఆసుపత్రికి తీసుకొచ్చాను. సాయంత్రానికి వస్తామనుకున్నా సరే బీపీ, షుగర్ మందులు రెండు రోజులకు సరిపడా పెట్టుకోండి. టార్చి, పవర్ బ్యాంకు, బిస్కెట్లు, చిన్నపిల్లలుంటే పాలపొడి. చేతిలో నగదు ఉండాలి, అడవిలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే లేదు. ఫుల్ చేతుల చొక్కాలు వేసుకోండి, దోమలు ఎక్కువ, ఏజెన్సీలో వానాకాలం జ్వరాల సంగతి అందరికీ తెలిసిందే. ఎక్కడికి పోతున్నారో, ఏ దారిలో వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి పోండి.

అన్నింటికంటే ముందు అలర్ట్ చూసుకోండి. వాతావరణ శాఖ జిల్లాల వారీగా రంగులు ఇస్తుంది. ఎల్లో అంటే ఒక కన్నేసి ఉంచండి అని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి అని, రెడ్ అంటే వెంటనే జాగ్రత్త పడండి అని. మామూలు మనిషికి నేను చెప్పే లెక్క ఇంకా సులువు. ఎల్లో ఉంటే బట్టలు పెట్టుకుని పోండి, మధ్యాహ్నానికే తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి, లోపలి రోడ్లు వద్దు. ఆరెంజ్, రెడ్ ఉంటే ఇంట్లో ఉండండి. అలర్ట్ చూసేటప్పుడు వరంగల్‌ది కాదు, ములుగుది చూడాలి, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, మన ఊరి వాతావరణం చూసుకుని వేరే ఊరికి పోతారు. పిడుగుల కోసం దామిని అని యాప్ ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థదే, మనం ఉన్న చోటికి చుట్టుపక్కల 20 నుంచి 40 కిలోమీటర్లలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. సిగ్నల్ ఉన్నప్పుడే పని చేస్తుంది కాబట్టి మన చెవులే అసలు యాప్. ఉరుము వినిపించిందంటే నీళ్లలో నుంచి, బోటులో నుంచి, వంతెన మీది నుంచి బయటికి వచ్చేయాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ పోవద్దు. ఏప్రిల్, మేలలో అయితే ఇంకా జాగ్రత్త, ఎండ మండిపోతుండగానే సాయంత్రం నాలుగింటికి దుమారం లేచి రాళ్ల వాన పడుతుంది.

బోటు అన్నాను కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన కాజీపేట పక్కన కడిపికొండ వాళ్లు 14 మంది ఉన్నారు. ఐదుగురే తిరిగి వచ్చారు. పాపికొండలు చూద్దామని సంతోషంగా పోయిన వాళ్లు. గోదావరి వరద మీద ఉంది, ఆ రోజు ఆ బోటు కదలాల్సింది కాదు. ఆ తర్వాత కొన్నాళ్లు మా డ్రైవర్లం ఎవరం కడిపికొండ మీదుగా పోయినా హారన్ కొట్టలేదు. ఇప్పటికీ లక్నవరంలో లైఫ్ జాకెట్ ఇస్తే ఫొటోలో బాగుండదని విప్పి చేతిలో పట్టుకునే వాళ్లను చూస్తుంటాను. నా పని కాకపోయినా పోయి చెప్తాను, అమ్మా వేసుకోండి, బెల్టు బిగించండి అని. కొందరు వింటారు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే నీళ్లలో అది పైకి జారిపోతుంది, పిల్లల సైజు అడిగి తీసుకోండి, లేదంటే బోటు ఎక్కవద్దు.

వానలు వెనక్కి పోయాయని అక్టోబర్‌లో ధీమాగా ఉండడానికి కూడా లేదు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను కాకినాడ వైపు తీరం దాటితే నీళ్లు మన వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి వచ్చాయి. దసరా, దీపావళి సెలవులకు టూర్లు పెట్టుకునే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

చలికాలం సంగతి తక్కువే చెప్తాను, అది పోవడానికి మంచి కాలం, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా పోవచ్చు. కానీ దీవి మీద కాటేజీలో రాత్రి ఉండే వాళ్లు ఒక రగ్గు, చెవులకు మఫ్లర్ తీసుకుపోవాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అంత చలి కాకపోయినా డిసెంబర్‌లో తెల్లవారుజామున నీళ్ల మీది చలి ఎముకల్లోకి పోతుంది. పొగమంచు వల్ల పొద్దున ఎనిమిది దాకా రోడ్డు కనబడదు, ఉదయం ఐదింటికే బయలుదేరి సూర్యోదయం చూడాలని తొందరపెట్టవద్దు, ఎదురుగా ఇసుక లారీలు వస్తుంటాయి. ఎండాకాలం అయితే వంతెన మీద నీడ ఉండదు, ఇనుప రెయిలింగ్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ముసలివాళ్లను, చంటిపిల్లలను పదకొండు నుంచి నాలుగు దాకా అక్కడ తిప్పవద్దు. నీళ్లు పక్కనే ఉన్నాయి కదా చల్లగా ఉంటుందనుకుంటారు, కళ్లు తిరిగి పడిపోయిన వాళ్లు నాకు తెలుసు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు జేబులో పడేసుకోవడానికి ఏం బరువు?

ఇట్లా రాస్తే టూరిస్టులు రారు, ఊరి వాళ్ల పొట్ట కొట్టినట్టు అవుతుందని ఎవరైనా అనొచ్చు. అందరికంటే ముందు పోయేది నా కిరాయే. వానాకాలంలో వారానికి రెండు ట్రిప్పులు నేనే వద్దని చెప్పిన సందర్భాలు ఉన్నాయి, ఆ నెల బండి కిస్తీ కట్టడానికి ఇబ్బంది పడ్డాను. అయినా చెప్తున్నాను, ఎందుకంటే ఈ చెరువు అందంగా ఉండేదీ ప్రమాదంగా ఉండేదీ ఒకే కాలంలో. చెరువు నిండి మత్తడి, అంటే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే కట్ట, దుంకుతుంటే చూడాలని ఎవరికి ఉండదు? నాకూ ఉంటుంది, ఎన్నిసార్లు చూసినా ఆ చప్పుడు వింటే ఒళ్లు పులకరిస్తుంది. అది వాన పడ్డ రోజే చూడాల్సిన పని లేదు. వాన వెలిసి రెండు మూడు రోజులు ఆగి పోతే మత్తడి అప్పుడూ దుంకుతుంది, వాగులు తగ్గి ఉంటాయి, రోడ్డు తెరిచి ఉంటుంది. దూరం నుంచి చూడండి, మత్తడి మీద నడవవద్దు, దాని కింద సెల్ఫీ కోసం దిగవద్దు.

పై అధికారులకు మీ ద్వారా ఒక విన్నపం. ములుగు జిల్లాకు ఆరెంజ్ లేదా రెడ్ అలర్ట్ ఉన్న రోజుకు రూములు, బోట్లు బుక్ చేసుకున్న వాళ్లకు డబ్బులు వాపసు ఇవ్వకపోయినా పర్వాలేదు, వేరే తేదీకి మార్చుకునే అవకాశం ఇవ్వాలి. ప్రభుత్వ కాటేజీలకూ, ప్రైవేటు ఏజెంట్లకూ ఇదే రూలు పెట్టాలి. వాన చూసి భయపడని వాళ్లు చాలా తక్కువ, కట్టిన డబ్బు పోతుందని బలవంతంగా పోయే వాళ్లే ఎక్కువ, నా బండిలో నేను చూసింది అదే. అట్లాగే హైవే దిగి బుస్సాపూర్ వైపు తిరిగే చోటనే ఒక బోర్డు పెట్టి, ఈ రోజు అలర్ట్ ఏ రంగు, బోట్లు నడుస్తున్నాయా లేదా, ఏ కల్వర్టు మీద నీళ్లు ఉన్నాయి అని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రాస్తే చాలు. సుద్దముక్కతో రాసినా చాలు. చెరువు దాకా పోయాక తెలిస్తే వెనక్కి మళ్లడానికి ఎవరికీ మనసు రాదు. లో లెవల్ కల్వర్టుల దగ్గర ఒక రాయి పాతి అడుగు, రెండడుగులు అని ఎర్ర రంగుతో గీతలు గీయాలి, గీత మునిగితే దాటొద్దని చదువురాని వాళ్లకు కూడా తెలుస్తుంది.

మీ పేపర్‌ను అడిగేది చిన్న విషయం. జూన్ నుంచి అక్టోబర్ దాకా టూరిజం ఫొటోలు వేసిన ప్రతిసారీ పక్కన చిన్న పెట్టెలో ఆ జిల్లాకు రాబోయే రెండు రోజుల అలర్ట్ వేయండి. అయితే అది ఆదివారం పేపర్లో వేస్తే లాభం లేదు. ఆదివారం పేపర్ ఇంటికి వచ్చేసరికి మా వాళ్లు సగం మంది ములుగు దాటి ఉంటారు. శనివారం వేయండి. నాకు ఈ శనివారం సాయంత్రం ఒక ఫ్యామిలీతో మాట్లాడాల్సి ఉంది, ఆరుగురు, అందులో ఒక బాలింత, ఆదివారం లక్నవరం పోదామంటున్నారు. ఆ పేజీ వాళ్ల ముందు పెట్టి మాట్లాడతాను.

ఇట్లు,
ఒక ట్రావెల్స్ డ్రైవర్,
హనుమకొండ